ఖాళీ జాగాలో పార్కు: ముందు మంగళవారం సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వీధి చివర నాలుగు ఇళ్ళు పట్టేంత జాగా పదేళ్ళుగా పాడుబడి ఉంది. చెత్త, కూలగొట్టిన ఇంటి ఇటుకలు, నడుం ఎత్తు పిచ్చిమొక్కలు. చుట్టుపక్కల ముప్పై ఇళ్ళవాళ్ళు కలిసి దాన్ని అందరూ కూర్చునే చోటుగా మార్చాలనుకుంటున్నారు. తెలిసిన ఆర్కిటెక్ట్ ఒకాయన డ్రాయింగ్ కూడా గీసిచ్చాడు: వాకింగ్ ట్రాక్, వ్యాయామం పరికరాలు, ఫౌంటెన్, జారుడుబల్ల, పూల మడులు. ఎక్కడ మొదలుపెట్టాలి, పర్మిషన్ ఎవరిని అడగాలి, కట్టాక చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు.

ముందు ఆ ఫౌంటెన్ తీసేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇలాంటి జాగాల పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. నేను చెయ్యి వేసిన వాటిలో పదకొండు పూర్తయ్యాయి. అందులో నాలుగు ఇప్పుడు లేవు. ఒకదాన్ని ఓనరు పోయాక ఆయన కొడుకులు వెనక్కి తీసుకున్నారు. మిగతా మూడూ మెల్లగా మళ్ళీ చెత్తకుప్పలయ్యాయి. ఆ మూడింటికీ డిజైన్ బాగానే కుదిరింది, డబ్బూ బాగానే పెట్టాం, ప్రారంభోత్సవం ఫోటోలు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి. మంగళవారం పొద్దున వచ్చి ఊడ్చే మనిషే లేకపోయాడు.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఇదే. పండగా కాదు, ఆదివారమూ కాదు. ఏ విశేషమూ లేని ఒక మంగళవారం, ఇప్పటికి రెండేళ్ళ తర్వాత, చీపురు పట్టుకుని ఎవరు వస్తారు? పేర్లు చెప్పండి. "అందరం వస్తాం" అంటే ఎవరూ రారని లెక్క. నలుగురి పేర్లు వస్తే, నలుగురు చూసుకోగలిగినంతే కట్టండి. ఇద్దరే వస్తే ఒక చెట్టు, రెండు బెంచీలు, కొంత గడ్డి. అది చిన్నతనమేమీ కాదు. న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్కు దాదాపు 390 చదరపు మీటర్లే. చిన్న పార్కులు ఎలా ఉండాలో చెప్పేవాళ్ళు ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. అందులో జలపాతం ఉంది కదా, మాకు ఫౌంటెన్ ఎందుకు వద్దంటారు అని మీరు అడగొచ్చు. దానికి డబ్బు పెట్టిన సంస్థ ఉంది, జీతానికి పనిచేసే మనుషులు ఉన్నారు. మీకు పంపు కాలిపోతే ఎవరు వస్తారు? నీళ్ళు నిలిచిన ఫౌంటెన్ తొట్టి నెల రోజుల్లో దోమల గుంట అవుతుంది.

ఇక అసలు మొదలు. డ్రాయింగ్ మడిచి పక్కన పెట్టి, రెండు వారాల పాటు ఆ జాగాను ఊరికే చూడండి. నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. పొద్దున్నే ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, బడి వదిలే వేళ ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. ఒక్కరే అన్నిసార్లూ వెళ్ళనక్కర్లేదు, పంచుకోండి. ఎవరు అటుగా నడుస్తున్నారు, ఎక్కడి నుంచి ఎక్కడికి? నీడ ఏ వేళకు ఎక్కడ పడుతోంది? వాన పడితే నీళ్ళు ఎటు పోయి ఎక్కడ నిలుస్తున్నాయి? చెత్త ఎవరు వేస్తున్నారు, చేతిలో కవరుతో వచ్చా, బండిలో తెచ్చా? ఈ చివరిదానికి జవాబు చాలా ముఖ్యం. చేతి కవర్లయితే ఆ వీధిలో చెత్త సరిగ్గా ఎత్తడం లేదని అర్థం, అది వేరే పోరాటం. బండ్లలో వచ్చే శిథిలాలైతే బండి లోపలికి రాకుండా అడ్డుకట్ట వేస్తే సగం సమస్య ఆ రోజే తీరిపోతుంది.

మా మొదటి జాగాలో ఈ పని చేయలేదు. చేయనందుకు ఏమైందో చెబుతాను. ఆ జాగాకు ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా ఒక కాలిదారి ఉండేది. మనిషి పాదం వెడల్పున గడ్డి అరిగిపోయి మట్టి కనిపించేది. బస్సు దిగినవాళ్ళు వెనక వీధికి అడ్డంగా పోయే దారి అది. మా ప్లాన్‌లో సరిగ్గా దాని మీద పెద్ద గుండ్రటి పూల మడి పడింది. ఎర్ర ఇటుకలు ఏటవాలుగా పాతి, మొక్కలు నాటి, చుట్టూ చిన్న తాడు కట్టాం. నెల తిరక్కముందే తాడు తెగింది. రెండో నెలకు మడి మధ్య నుంచి పాత దారే మళ్ళీ పడింది, అదే వెడల్పున, అదే ఏటవాలున. దారికి రెండు పక్కలా పూలు మాత్రం బతికాయి. మేం బోర్డు పెట్టాం, కోప్పడ్డాం, ఒక పెద్దావిడను ఆపి చెప్పాం కూడా. ఆవిడ చేతిలో రెండు బరువైన సంచులున్నాయి. "చుట్టూ తిరిగి పొమ్మంటావా?" అంది. అంతే. మరుసటి ఏడు మడి తవ్వేసి అక్కడే బండలు పరిచాం.

అక్కడే ఇంకో తప్పు చేశాం. కరెంటు స్తంభానికి సైకిలు గొలుసుతో కట్టేసిన పాత ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉండేది. ఒక కాలు విరిగితే దానికి కర్రముక్క కట్టి ఉంది. శుభ్రం చేసిన రోజు గొలుసు కోసి దాన్ని కూడా చెత్తతో పాటు పంపేశాం. ఆ కుర్చీలో రోజూ సాయంత్రం ఒక పెద్దాయన కూర్చునేవాడని, దారిన పోయే పిల్లలను పేరుపెట్టి పలకరించేవాడని తర్వాత తెలిసింది. పదేళ్ళుగా ఆ జాగాకు ఉన్న ఏకైక కాపలాదారు ఆయనే. కొత్త బెంచీల మీద ఆయన ఒక్కసారీ కూర్చోలేదు. వెళ్ళి అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఖాళీ జాగా అని మనం అంటాం గానీ పూర్తిగా ఖాళీగా ఉన్న జాగా నేను ఇంతవరకు చూడలేదు. ఎవరో నడుస్తారు, ఎవరో బట్టలారేస్తారు, ఎవరో రాత్రి పడుకుంటారు. వాళ్ళతో మాట్లాడకుండా వేసిన ప్లాన్ వాళ్ళను వెళ్ళగొట్టే ప్లాన్ అవుతుంది. అది కొన్నిసార్లు తెలిసి జరుగుతుంది, ఎక్కువసార్లు తెలియక జరుగుతుంది.

ఇప్పుడు పర్మిషన్ సంగతి. జాగా ఎవరిదో తెలుసుకోవడం ఒకటైతే, అది ఇన్నేళ్ళు ఎందుకు ఖాళీగా పడి ఉందో తెలుసుకోవడం ఇంకొకటి. రెండోదే అసలు సమాచారం. పట్నంలో నేల ఊరికే పడి ఉండదు. అన్నదమ్ముల దావా ఉండొచ్చు. పన్ను బకాయి ఉండొచ్చు. రోడ్డు వెడల్పు చేయగా మిగిలిన ముక్క కావొచ్చు. పైన హైటెన్షన్ తీగలు, కింద పెద్ద మురుగు పైపు ఉండొచ్చు. వరద దారిలో ఉండి ఎవరూ కొనకపోయి ఉండొచ్చు. ఒక్కో కారణానికి ఒక్కో పర్యవసానం ఉంటుంది. కింద పైపు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళు వచ్చి తవ్వుతారు, కాబట్టి దాని మీద చెట్టు నాటకూడదు, గడ్డే. తీగల కింద ఎత్తు పెరిగే చెట్టు పనికిరాదు. వరద నీళ్ళు వచ్చే చోటైతే పల్లాన్ని పల్లంగానే ఉంచి, నీళ్ళు నిలిచినా చెడని వస్తువులే పెట్టాలి. దావాలో ఉన్న జాగా అయితే కోర్టు తేల్చేదాకా మీరు పెట్టేదేదైనా ఒక్క రోజులో ఎత్తుకుపోగలిగేలా ఉండాలి.

నగరపాలక సంస్థదైతే పని తేలిక అనుకుంటారు. ఆఫీసులో ఏ విభాగం కింద ఉందో తెలుసుకోవడానికే ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. రోడ్ల విభాగం తోటలవాళ్ళను చూపిస్తుంది, తోటలవాళ్ళు ఆస్తుల విభాగాన్ని చూపిస్తారు. ఓపిక పట్టండి, ప్రతిసారీ కాగితం మీదే అడగండి, తేదీ వేసిన నకలు దగ్గర పెట్టుకోండి. న్యూయార్క్‌లో 2011లో మొదలైన 596 ఎకర్స్ అనే సంస్థ ఈ చిక్కుకు ఒక చక్కటి ఉపాయం పట్టింది. బ్రూక్లిన్‌లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమి లెక్క తీస్తే 596 ఎకరాలు తేలింది, పేరు అక్కడిదే. వాళ్ళు చేసిందల్లా ఆ జాగాల కంచెలకు బోర్డులు తగిలించడం: ఇది ప్రజల భూమి, ఫలానా ఆఫీసు చేతిలో ఉంది, ఎవరితో మాట్లాడాలో ఇదిగో అని. రోజూ ఆ పక్కనుంచే నడిచేవాళ్ళకు అది తమదేనని అప్పుడు తెలిసింది. మీరూ ఓనరెవరో తేలాక ముందు ఒక బోర్డు పెట్టండి. దాని ఖర్చు ఎంతో ఉండదు, కొత్తవాళ్ళు వచ్చి చేరేది మాత్రం దానివల్లే.

ఒప్పందం లేకుండా పార పట్టకండి. నోటిమాట మీద మొదలుపెట్టిన జాగానే మేం పోగొట్టుకున్నది. ఓనరు మంచివాడే, "చేసుకోండి, నాకేం" అన్నాడు. ఆయన పోయాక కొడుకులకు ఆ మాట తెలియదు. మేం నాటిన చెట్లకు అప్పటికి ఆరేళ్ళు. ఒప్పందంలో పెద్ద పెద్ద మాటలక్కర్లేదు. ఎన్నాళ్ళు, వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఎవరైనా జారిపడితే బాధ్యత ఎవరిది, నీళ్ళు కరెంటు ఎవరివి, వెళ్ళిపోయేటప్పుడు బెంచీలూ మొక్కలూ ఎవరు తీసుకోవచ్చు. ఈ ఐదూ ఉంటే రెండు పేజీలు చాలు. రాయడానికి లాయరు కావాలి, కనీసం చదివి చూడటానికైనా.

కాగితం ఉన్నంత మాత్రాన ధీమా వద్దు. న్యూయార్క్‌లోనే బవరీ, హ్యూస్టన్ వీధుల మూలన లిజ్ క్రిస్టీ అనే ఆవిడ, గ్రీన్ గెరిల్లాస్ పేరుతో ఆమె స్నేహితులు 1973లో చెత్త జాగా ఒకటి శుభ్రం చేసి తోట వేశారు. మరుసటి ఏడు నగరం దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది. ఆ తోట ఇప్పటికీ ఉంది, ఆమె పేరు మీదే. కానీ అదే నగరం 1999లో ఇలాంటి 114 తోటలను వేలానికి పెట్టింది. జనం రోడ్డెక్కారు, కేసులు పడ్డాయి, చివరికి రెండు సంస్థలు డబ్బు పెట్టి కొని వాటిని కాపాడాయి. జాగా చెత్తగా ఉన్నన్నాళ్ళు ఎవరికీ అక్కర్లేదు. బాగుపడ్డాకే దానికి ధర వస్తుంది. మీరు చేసే మంచి పనే మీ మీదికి రావచ్చని తెలిసి ఉండటం మంచిది. అందుకే మొదటి రోజు నుంచీ ఎంతమంది వస్తున్నారో లెక్క రాసుకోండి, పాత ఫోటోలు భద్రంగా ఉంచుకోండి. రేపు ఎవరి ముందైనా మాట్లాడాల్సి వస్తే అవే పనికొస్తాయి.

"ఇంత చిన్నగా చేస్తే ఏం మారుతుంది?" అని మీవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ళకు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం సంగతి చెప్పండి. అక్కడ పరిశోధకులు 541 పాడుబడిన జాగాలను లాటరీ వేసినట్టు మూడు గుంపులుగా విడగొట్టారు. మొదటి గుంపులో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొద్దిగా చెట్లు నాటి, చుట్టూ పొట్టి కర్ర కంచె పెట్టి, క్రమం తప్పకుండా గడ్డి కోశారు. రెండో గుంపులో చెత్త తీసి, వీలైన చోట కాస్త గడ్డి కోశారు, అంతే. మూడోదాన్ని ముట్టుకోలేదు. 2018లో ఫలితాలు వచ్చాయి. గడ్డీ చెట్లూ వేసిన జాగాల దగ్గర ఉండేవాళ్ళలో దిగులుగా ఉందని చెప్పేవాళ్ళు, ఏమీ చేయని చోట్లతో పోలిస్తే, 41.5 శాతం తగ్గారు. ఒట్టి చెత్త తీసిన చోట మనసు విషయంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అదే ప్రయోగంలో పేదల పేటల్లో తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. అక్కడ పెట్టినవేవో మళ్ళీ చూడండి: గడ్డి, చెట్లు, కంచె, కోత. ఫౌంటెన్ లేదు, జిమ్ లేదు.

ఆ కంచె గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్ని తప్పుగా కడతారు. ఫిలడెల్ఫియా కంచె అంటే పొట్టి అడ్డకర్రలే. మధ్యలో మనిషి లోపలికి నడిచే సందు వదిలారు. బండి మాత్రం పట్టదు. లోపలేముందో వీధిలోంచి కనిపిస్తుంది. మనవాళ్ళు కంచె అనగానే ఆరడుగుల జాలీ, గేటు, తాళం అంటారు. తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది మొదటి గొడవ. వాళ్ళు ఊరెళితే ఏమిటన్నది రెండోది. మూడో నెలకు గేటు ఎప్పుడూ మూసే ఉంటుంది, పిల్లలు గోడ దూకుతారు. రాత్రి మూయక తప్పదని మీ వీధి మొత్తం అనుకుంటే మూయండి, నేను కాదనను. తెరిచే మనిషి పేరు, ఆ మనిషి లేనప్పుడు తెరిచే ఇంకో మనిషి పేరు ముందే రాసిపెట్టుకుని మూయండి.

నేల సంగతికి ఎక్కువ చోటిస్తాను, దాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి. మీ జాగాలో ఇల్లు కూలగొట్టారని చెప్పారు. అంటే పైన కనిపించే ఇటుకల కింద ఇంకా ఇటుకలు, సున్నం, గాజుపెంకులు, తుప్పుపట్టిన కడ్డీలు ఉంటాయి. పాత ఇళ్ళ రంగుల్లో సీసం ఉండేది, పాత పెట్రోలులోనూ ఉండేది. రోడ్డు పక్క నేలలోకీ, కూలిన గోడల దుమ్ములోకీ అది చేరి అక్కడే ఉండిపోతుంది. సీసం ఎన్నేళ్ళయినా కరిగిపోయేది కాదు. చిన్నపిల్లలు మట్టిచేతులు నోట్లో పెట్టుకుంటారు, వాళ్ళ మెదడుకే అది ఎక్కువ హాని. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ళ దగ్గరి మట్టిలో సీసానికి పెట్టుకున్న హెచ్చరిక గీతను 2024లో పది లక్షల్లో 400 వంతుల నుంచి 200కు దించింది. అంటే ఒకప్పుడు ఫర్వాలేదనుకున్న మట్టిని ఇప్పుడు అనుమానంగా చూస్తున్నారు.

కాబట్టి నాలుగైదు చోట్ల మట్టి తీసి పరీక్షకు పంపండి. గోడ ఉన్న చోట, రోడ్డు వైపు, పిల్లలు ఆడబోయే చోట విడివిడిగా. రిపోర్టు వచ్చేదాకా కూరగాయలు వేయకండి, ముఖ్యంగా ఆకుకూరలు, దుంపలు. వేయాలని గట్టిగా ఉంటే కింద గట్టి బట్ట పరిచి, చెక్కతోనో ఇటుకతోనో అడుగు ఎత్తు పెట్టె కట్టి, బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టి నింపి అందులో వేయండి. మిగతా నేల ఎక్కడా దుమ్ము రేగకుండా గడ్డితోనో చెక్కపొట్టుతోనో కప్పేయాలి. ఎక్కువ భాగానికి అంతే చాలు. రిపోర్టులో అంకెలు బాగా ఎక్కువ వస్తే మాత్రం సొంత తెలివితేటలు వద్దు, తెలిసినవాళ్ళను పిలవండి.

ఇంకో చిన్న పరీక్ష మీరే చేయొచ్చు. చెట్టు నాటాలనుకున్న చోట మోచేతి లోతు గుంట తవ్వి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకిపోయాక మళ్ళీ నింపండి. తెల్లారి చూస్తే నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయంటే కింద నేల బండలా గట్టిపడి ఉంది. బండ్లు తిరిగిన చోట, ఇల్లు ఉన్న చోట ఇలాగే ఉంటుంది. అక్కడ చెట్టు నాటితే వేళ్ళు కుండీలో చుట్టుకున్నట్టు చుట్టుకుని మూడో ఏట చచ్చిపోతుంది. ఎరువు తక్కువైందని మనం అనుకుంటాం. గడ్డపారతో వెడల్పుగా, గుంటకు మూడింతల మేర నేల వదులు చేసి నాటాలి. పెద్ద చెట్టు కొనితెచ్చి నాటాలన్న మోజు కూడా వదులుకోండి. చిన్న మొక్కయితే వేళ్ళు త్వరగా పట్టుకుంటాయి, కొన్నేళ్ళలో పెద్దదాన్ని అందుకుంటుంది. ఏదైనా మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్ళు పోసి తీరాలి. కుళాయి ఎంత దూరంలో ఉందో కొలిచి, అంత దూరం బకెట్టు మోయగలిగినన్ని చెట్లే నాటండి. హాస్యానికి అనడం లేదు. బకెట్టుతో ఒకసారి నడిచి చూసి లెక్క వేసుకోండి.

కూర్చునే చోటు గురించి న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన 1970లలో కెమెరా పెట్టి గమనించి చెప్పింది వింటే, ఇంత మాత్రం మనకు తెలియదా అనిపిస్తుంది: కూర్చోవడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారు. అయినా కొత్తగా కట్టే చోట్ల ఇప్పటికీ ముందు పూలమడులు వస్తాయి, బెంచీలు తర్వాత. ఆయనే ఇంకోటి చూశాడు. కదిలే కుర్చీ ఇస్తే మనిషి కూర్చునే ముందు దాన్ని రెండంగుళాలు అటో ఇటో జరుపుతాడు, అవసరం లేకపోయినా. ఆ కాసేపూ ఆ చోటు తనదైపోతుంది. పోతాయని భయం ఉంటుంది, కొన్ని పోతాయి కూడా. మా దగ్గర ఆరు తేలిక కుర్చీలు పెడితే ఏడాదిలో రెండు పోయాయి. రెండు కుర్చీలకు అంతమంది కూర్చున్నారంటే గిట్టుబాటే అనుకున్నాం. మీకు టెన్షన్‌గా ఉంటే వెడల్పాటి పిట్టగోడ కట్టుకోండి, మోకాలి ఎత్తున, ఒకటిన్నర అడుగు వెడల్పున. కంచె పనికీ వస్తుంది, బెంచీ పనికీ వస్తుంది, దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు. నీడ పడే వైపు కట్టండి.

పిల్లల విషయంలో జారుడుబల్ల కంటే ముందు ఇసుక. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్ట్ నగరపాలక ఉద్యోగిగా ఉండి 1947లో బెర్టెల్‌మాన్‌ప్లైన్ అనే చోట మొదటి ఆటస్థలం చేశాడు. ఇసుక గుంట, దాని చుట్టూ కూర్చోవడానికి వీలైన వెడల్పు అంచు, నాలుగు గుండ్రటి దిమ్మెలు, పల్టీలు కొట్టే కడ్డీలు, కొన్ని బెంచీలు, చెట్లు. అది చూసి మా వీధికీ ఒకటి కావాలని జనం ఉత్తరాలు రాశారు. 1978 నాటికి ఆయన చేతి మీదుగా ఏడు వందలకు పైగా వచ్చాయి, చాలావరకు ఇళ్ళ మధ్య మిగిలిపోయిన ఖాళీ ముక్కల్లోనే. ఏనుగు బొమ్మా గుర్రం బొమ్మా పెట్టలేదు. దిమ్మె దిమ్మెగానే ఉంటే దాన్ని ఇల్లు చేసుకోవాలో ఓడ చేసుకోవాలో పిల్లలు చూసుకుంటారు. మీ డ్రాయింగ్‌లోని ఖరీదైన ఆటవస్తువులో బోల్టు ఒక్కటి ఊడితే బాగుచేయడానికి కంపెనీ మనిషి రావాలి. దిమ్మెకు బోల్టు లేదు. ఇసుకను మాత్రం అప్పుడప్పుడు జల్లెడ పట్టాలి, రాత్రి కప్పాలి, లేకపోతే పిల్లులు వాడుకుంటాయి. మంగళవారం జాబితాలో అది కూడా రాసుకోండి.

రాత్రి భద్రతకు పెద్ద లైట్లు అడుగుతారు. నా అనుభవంలో లైటు కంటే చూపు ముఖ్యం. న్యూయార్క్ బ్రయంట్ పార్కు 1970లలో మత్తుమందుల అడ్డాగా పేరుపడింది. ఎత్తైన పొదలు, ఇనుప కంచెలు, తక్కువ దారులు ఉండటం వల్ల లోపల ఏం జరుగుతోందో వీధికి కనిపించేది కాదు. పొదలు తీసేసి, దారులు పెంచి, కదిలే కుర్చీలు వేసి 1992లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు అక్కడ కూర్చోవడానికి కుర్చీ వెతుక్కోవాలి. మీ దగ్గర పొదలు నడుం దాటనివ్వకండి, చెట్ల కొమ్మలు తలకు పైదాకా కత్తిరించండి. మధ్యలో ఉన్నదంతా వీధి చూపుకు వదిలేయండి.

చెత్తబుట్టల గురించి ఒక్క ముక్క. ఖాళీ చేసే మనిషి దొరికేదాకా బుట్ట పెట్టకండి. మేం మూడు పెట్టాం. వారంలో అవి నిండాయి, రెండో వారంలో పొంగాయి, తర్వాత అక్కడే కొత్త కుప్ప మొదలైంది. తీసేశాక చెత్త తగ్గింది.

ఇక మీ ముప్పై ఇళ్ళు. మీటింగు పెడితే అందరూ తలా ఒక వస్తువు కోరతారు, డ్రాయింగ్ అలాగే తయారైందని నా అనుమానం. వస్తువు అడగకండి, పని అడగండి. "నువ్వు ఏం చేస్తావు, వారంలో ఏ రోజు?" ఒకరు నీళ్ళు, ఒకరు కలుపు, ఒకరు ఆఫీసు కాగితాలు, ఒకరు డబ్బు లెక్క. మోకాళ్ళ నొప్పులతో పార పట్టలేని పెద్దవాళ్ళు ఫోన్లు చేయగలరు, చాలా బాగా చేస్తారు కూడా. పని పంచుకున్నవాళ్ళకే ఏం కట్టాలో చెప్పే హక్కు ఎక్కువ ఉండాలని నా అభిప్రాయం. ఇది అందరికీ నచ్చదు, మీటింగులో గొడవ కూడా కావొచ్చు. ఆ గొడవ సిమెంటు పోయకముందు అయితేనే మంచిది.

నమ్మకం కుదరకపోతే అద్దెకు తెచ్చిన వస్తువులతో ఒక్క రోజు చేసి చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2005లో రీబార్ అనే చిన్న బృందం పార్కింగ్ మీటరులో డబ్బులు వేసి, ఒక కారు నిలిపే చోట గడ్డి పరిచి, బెంచీ, కుండీలో చెట్టు పెట్టి, రెండు గంటలు అక్కడ పార్కు నడిపింది. టైమ్ అయిపోగానే ఎత్తేశారు. దాన్ని చూసి ఎన్నో దేశాల్లో ఏటా అలా చేయడం మొదలుపెట్టారు. మీరూ ఓనరు దగ్గర ఒక్క రోజుకు అనుమతి తీసుకుని, ఒక మూల శుభ్రం చేసి, ఇళ్ళలోని కుర్చీలు తెచ్చి వేయండి. సుద్దతో దారి గీయండి, తాడుతో మడి గీయండి. జనం ఎక్కడ కూర్చుంటారో, ఏ గీత తొక్కుకుంటూ పోతారో చూసి చెరిపి మళ్ళీ గీయండి. సుద్ద గీతను మార్చడానికి ఎవరూ బాధపడరు.

ఎంత కాలం అంటే, కాగితాలకు ఆరు నెలల నుంచి ఏడాది అనుకోండి. శుభ్రం చేయడం, కంచె, దారి, కూర్చునే చోటు కలిపి రెండు మూడు నెలల పని. చెట్లు నీడ ఇవ్వడానికి ఐదారేళ్ళు. జారుడుబల్ల, వ్యాయామం పరికరాలు రెండో ఏడాది చివర, అప్పటికి మంగళవారం మనుషులు ఇంకా వస్తూ ఉంటే. వాకింగ్ ట్రాక్ నాలుగు ఇళ్ళ జాగాలో గానుగెద్దులా తిరగడానికే పనికొస్తుంది. అవసరమైన దారిని రెండు వారాల నోట్‌బుక్కే చూపిస్తుంది.

మీ ఆర్కిటెక్ట్ మీద నాకు కోపం లేదు. ఆయన్ను కూడా ఒక రాత్రి తొమ్మిదికి అక్కడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. ఆ జాగాలో స్తంభానికి కట్టేసిన కుర్చీ లాంటిదేమైనా కనిపిస్తే, ఎవరిదో అడిగేదాకా ముట్టుకోవద్దని మాత్రం చెప్పండి.